నీలం డ్రమ్ములో నీళ్లు

అక్కా,

ఫోనులో చెబితే బావ స్పీకరు పెట్టి వింటారని, ఉత్తరం రాసి మిల్లు వ్యాన్ డ్రైవరు చేతికిస్తున్నాను. కంగారు పడకు. ముందు పాలకూర కోయడం ఆపు.

మా కాగితపు గుజ్జు మిల్లు బూడిద మొక్కలకు మంచిదే, అందులోని కాడ్మియం అనే విషపు లోహం తీసేస్తే. మూడు నెలలు తంటాలు పడి, మందు నీళ్లతో కడిగి కడిగి దాన్ని తీశాను. పోయిన నెల బావకిచ్చిన సంచిలోది ఆ కడిగిన బూడిదే. దాంతో ఏ భయమూ లేదు.

పక్కనున్న నీలం డ్రమ్ము మాత్రం నేనివ్వలేదు. మూత గట్టిగా ఉందని బావే పట్టుకెళ్లారట. అది మా మిల్లు వాచ్‌మన్ కాజేశాడనుకుని నేను నెల రోజులుగా అతనితో మాట్లాడటం మానేశాను. ఆ డ్రమ్ములో ఉన్నవి బూడిద కడిగిన నీళ్లు. విషమంతా వాటిలోనే ఉంది. "ఊరికే పారబోయడమెందుకని పాలకూర మడికే పోశానోయ్" అని నిన్న ఫోనులో చెప్పారు. మూడు నెలలు నేను విడదీసినదాన్ని ఆయన ఒక్క సాయంత్రంలో కలిపేశారు.

మడిలో మట్టి జానెడు లోతున తవ్వించి సంచుల్లో పంపు, మళ్లీ కడుగుతాను. ఒంట్లోకి వెళ్తే మాత్రం అది కిడ్నీల్లో తిష్ఠ వేస్తుంది, కడగడం నా వల్ల కాదు. చిన్నదానికి ఆ ఆకు పెట్టావో లేదో ఈ డ్రైవరుతోనే రాసి పంపు.

బావను ఏమీ అనకు. సంచి మీద 'ప్రమాదం లేదు' అని పెద్ద అక్షరాలతో రాసింది నేనే. డ్రమ్ము మీద రాసేలోపు భోజనాల బెల్లు కొట్టారు.

నీ తమ్ముడు