మానడం, మాన్పించడం

చిరంజీవి పిడుగుకి,

అమ్మమ్మ దీవెనలు. ముందు నీ ఉత్తరంలో తప్పు దిద్దుతాను, ఆ తర్వాతే క్షేమసమాచారాలు. "పోటీ ముందు నీళ్లు మానేశాను, అందుకే వేదిక మీద పడిపోయాను" అని రాశావు. మానేశాను కాదు, మాన్పించాడు. మానడం మన ఇష్టంతో చేసే పని. మాన్పించడం ఇంకొకడు మన చేత చేయించే పని. దాన్ని ప్రేరణార్థకం అంటారు. నీ ఎనిమిదో తరగతిలో నేనే చెప్పాను, నువ్వు కిటికీలోంచి బయటికి చూస్తున్నావు. ఆ వాక్యానికి కర్త వేరే ఉన్నాడు. అతన్ని నువ్వు మర్యాదగా వాక్యంలోంచి సాగనంపేశావు. నేను సాగనంపను.

ఇక్కడ అందరం కులాసా, ఒక్కడు తప్ప. ఆ ఒక్కడి సంగతి చెప్పడానికే పొద్దున్నే కాగితాలు ముందేసుకుని కూర్చున్నాను. మీ తాతయ్యకి చెవి మిషను కొత్తది కొన్నాం. బాగానే పనిచేస్తోంది గానీ నేను మాట్లాడేటప్పుడే దాని బ్యాటరీ అయిపోతుంది. మీ అమ్మ నాతో మాట్లాడటం మానేసింది. (ఇక్కడ మానేసింది అన్నదే సరైన మాట.) ఇల్లు ప్రశాంతంగా ఉంది. కారణం కింద వస్తుంది.

నా మోకాలు ఎలా ఉందని అడిగావు. డాక్టరు ఆశ్చర్యపోయేటంత బాగుంది. అంతా నీ పిడిగుండు చలవే. దాన్ని కెటిల్‌బెల్ అనమని నువ్వు ఎన్నిసార్లు చెప్పినా నేను అనను. నోరు తిరక్క కాదు. అందులో కెటిలూ లేదు, బెల్లూ లేదు. ఇనప గుండు, దానికో పిడి, అంతే. నీ పేరుకి దగ్గరి చుట్టం కూడా. నువ్వు వదిలివెళ్లిన ఎనిమిది కిలోల గుండుని మీ అమ్మ వంటింటి తలుపు కొట్టుకోకుండా అడ్డం పెట్టుకుంటుంటే, విడిపించి వరండాలోకి తెచ్చుకున్నాను. నువ్వు ఫోనులో చెప్పినట్టే రోజూ ఊపుతున్నాను. "చేతులతో ఎత్తకు అమ్మమ్మా, తుంటితో తొయ్యి. చేతులు ఉత్త తాళ్లు అనుకో" అన్నావు. రెండు చేతుల్లో బట్టలు పట్టుకుని బీరువా తలుపు తుంటితో మూసే ఆడవాళ్లకి ఈ విద్య కొత్తగా నేర్పాలా?

చిక్కిపోయావని మీ అమ్మ బాధపడుతోందా అన్నది నీ రెండో ప్రశ్న. పడుతోంది. ఫోటోలో నీ భుజాలు చూసి "ఇన్నేళ్ల కష్టం కరిగిపోయింది" అంది. కరిగిందేమిటో నాకు తెలుసు. కండల పోటీల రోజుల్లో ఒళ్లంతా రంగు పూసుకుని, నరాలు తేలి, ఇంటి మెట్లు ఎక్కలేక సగంలో కూర్చున్నావు. అంత కండ పెట్టుకుని సీసా మూత తిప్పలేక నాకిచ్చావు. ఇప్పుడు ఆ ఊళ్లో నువ్వు పిడిగుండు నేర్పే గదిలో అద్దమే లేదని రాశావు. ఆ వాక్యాన్ని రెండుసార్లు చదివి, దిద్దకుండా వదిలేశాను.

ఆఖరిది ప్రశ్న కాదు, తీర్పు. వచ్చే నెల ఇక్కడ జరిగే పిడిగుండు పోటీకి రానన్నావు. "ఆ హాల్లో అందరికీ నేను దొంగతిండి పిల్లనే అమ్మమ్మా, వాళ్ల ముందు నిలబడలేను. పోనీలే, నేను క్షమించేశాను" అని రాశావు. ఆ పేరు ఎవడు పెట్టాడో నీకూ తెలుసు, నాకూ తెలుసు. నువ్వు తెర వెనక స్ట్రెచర్ మీద ఉండగా, నరాలు తేలాలని రోజున్నర నీకు చుక్క నీళ్లివ్వని నీ కండల మాస్టారు మైకు అందుకుని, "చాటుగా ఏదో తిన్నట్టుంది. క్రమశిక్షణ లేకపోతే ఇంతే" అన్నాడు. నీ క్షమ నీది. దాని మీద నా సంతకం లేదు.

కిందటి నెల ఆ మాస్టారు తనంతట తానే మన గుమ్మం ఎక్కాడు.

"అమ్మగారూ, మా జిమ్‌లో కెటిల్‌బెల్ క్లాసులు మొదలుపెడుతున్నాం. మీరు వరండాలో ఊపుతుంటే వీధంతా చూస్తోందట. ప్రారంభం రోజున నా పక్కన నిలబడి కాసేపు ఊపితే చాలు. ఈ వయసులో కూడా చెయ్యొచ్చని జనానికి తెలుస్తుంది."

"ఈ వయసంటే?"

"అంటే... అనుభవం ఉన్న వయసు."

"మీకు వచ్చా మాస్టారూ అది?"

"ఇరవై ఏళ్లుగా ఇనుముతోనే బతుకుతున్నానండీ. ఇదెంత, పిల్లలాట."

చెప్పులు వేసుకుంటూ వెనక్కి తిరిగి, "పాత సంగతులేమీ మనసులో పెట్టుకోకండి" అన్నాడు.

"నా మనసులో అంత చోటు ఎక్కడిదండీ" అన్నాను. చేతిలో మాత్రం ఎనిమిది కిలోల చోటుంది.

ప్రారంభం రోజు జిమ్ హాలు నిండిపోయింది. నీతో పాటు ఆ రోజు పోటీకి దిగిన అమ్మాయిలు, వాళ్ల అమ్మలు, మన దర్జీ, అతని భార్య, అంతా వచ్చారు. మీ అమ్మ ముందు వరసలో కూర్చుంది, నేనెక్కడ పడతానోనని. మాస్టారు బనీను లేకుండా వచ్చాడు. బుగ్గలు పీక్కుపోయి, ఒళ్లంతా ఇటుకరంగు పులుముకుని, నరాలు తీగల్లా బయటపడి ఉన్నాడు. నున్నగా గీయించిన తల దీపాల కింద మెరుస్తుంటే, ఈ గుండుకి పిడి ఒక్కటే తక్కువ అనుకున్నాను. ఉన్నవాటిలోకి పెద్ద గుండు ఎంచుకున్నాడు.

మైకు నా చేతికొచ్చినప్పుడు అడిగాను. "మాస్టారూ, పోటీ పద్ధతిలో చేద్దామా? పది నిమిషాలు. చెయ్యి మార్చుకోవచ్చు గానీ కింద పెట్టకూడదు. మా పిడుగు అలాగే చేస్తుంది."

జనం చప్పట్లు కొట్టారు. వాడు నవ్వాడు. "మీకు ఆయాసం వస్తే చెప్పండి అమ్మగారూ, ఆపేద్దాం."

"మీరే చూసి ఆపండి. ఆపడం మీకు అలవాటేగా."

వాడికి అర్థం కాలేదు. మీ అమ్మకి అయింది, కుర్చీలో ముందుకు జరిగింది.

వాడు ఊపలేదు పిడుగూ, ఎత్తాడు. ఎదుటి అద్దంలో భుజం ఎంత ఉబ్బుతోందో చూసుకుంటూ, ప్రతిసారీ ఆ బరువంతా భుజాలతోనే పైకి లాగాడు. కాసేపు జనం "ఓహో" అన్నారు. ఆ తర్వాత వాడి నోరు తెరుచుకుంది, చూపు అద్దంలోంచి గడియారం మీదికి పోయింది. పక్కన నేను నా దారిన నేను బీరువా తలుపులు మూసుకుంటూనే ఉన్నాను. సగం సమయం దాటిందో లేదో, వాడి పిక్క పట్టేసింది. గుండు ధనామని పడింది, పక్కనే వాడూ కూలబడ్డాడు. కాలు పట్టుకుని "నీళ్లు" అన్నాడు.

నేనూ నా గుండు దించాను. అతిథుల బల్ల మీద జగ్గు ఉంటే గ్లాసులో పోసుకుని వాడి ముందుకెళ్లి నిలబడ్డాను. ఇవ్వలేదు.

"నీళ్లు తాగకుండా వచ్చారా మాస్టారూ?"

"రేపు పోటీ ఉందండీ... మానేశాను."

"మీరే మానేశారా, ఎవరన్నా మాన్పించారా?"

"నేనే. ఇలా ఇవ్వండి."

"ఇస్తాను. మరి మా పిడుగు?"

"అదీ మానేసింది."

"క్రియ సరిచెయ్యండి."

వాడు గ్లాసు వంక చూశాడు, హాలు వంక చూశాడు. నేను తరగతిలో నిలబడినట్టే నిలబడ్డాను. నా సంగతి తెలుసుగా, జవాబు వచ్చేదాకా గంట కొట్టినా కదలను.

"మాన్పించాను" అన్నాడు గొణుగుతూ.

"వెనక వరసకి వినపడలేదు."

"నేనే మాన్పించానండీ!"

"చాటుగా తిన్నదన్న మాట?"

"అబద్ధం. అది ఏమీ తినలేదు. ఇవ్వండమ్మా!"

ఇచ్చాను. వాడు తాగుతుండగానే నీ స్నేహితురాలు, ఆ పొడుగమ్మాయి లేచి "నాకూ మాన్పించారు" అంది. వెనక నుంచి ఇంకో అమ్మాయి, "నాకూ." వాళ్ల అమ్మలు ఒకళ్ల మొహాలు ఒకళ్లు చూసుకున్నారు. వ్యాకరణం మీద అంత శ్రద్ధ నా ఉద్యోగ జీవితంలో ఏ తరగతిలోనూ చూడలేదు.

ఇక ఇంతవరకు మింగుతూ వచ్చిన సంగతి. మీ అమ్మ తన పద్ధతిలో చెప్పకముందే నేను చెప్పాలి. ఆ ప్రారంభాన్ని మాస్టారు మొదట తర్వాతి వారంలో పెట్టాడు. "నాకు ఈ శనివారమే కుదురుతుంది" అన్నది నేను. నాకు శనివారం పనేమీ లేదు, ఏ వారమూ లేదు. ఆదివారం నలభై దాటినవాళ్ల కండల పోటీ ఉందని, అందులో వాడి బొమ్మ పెద్దగా వేశారని గోడ మీద పోస్టరు చూసే అన్నాను. పోటీ ముందు రోజు ఆ ఒళ్లు ఎంత ఎండిపోయి ఉంటుందో నాకు తెలుసు, నిన్ను చూసి నేర్చుకున్నాను. ఎండిన ఒళ్లు నలుగురికీ చూపించుకునే అవకాశం కదా, వాడూ వెంటనే ఒప్పుకున్నాడు. ఆదివారం వేదిక ఎక్కలేదని విన్నాను.

దారిలో మీ అమ్మ అడిగింది. "మనిషి నేల మీద పడి నీళ్లడుగుతుంటే వ్యాకరణం చెప్తావా అమ్మా? నువ్వు మనిషివేనా?"

"దిద్దుబాటు అప్పటికప్పుడు చేస్తేనే గుర్తుంటుంది" అన్నాను.

"వాడికేమన్నా అయ్యుంటే?"

"మన పిల్లకి అయింది" అన్నాను. అదే మా ఆఖరి సంభాషణ.

పశ్చాత్తాపం లేదా అని నువ్వూ అడుగుతావు. వెతికాను. కళ్లజోడు మార్చి కూడా వెతికాను. వాడు గ్లాసు రెండు చేతులా పట్టుకుని అడుగుదాకా తాగాడు, ఆ రోజు నువ్వు తాగినట్టే. జాలి వస్తుందేమోనని ఆగి చూశాను. రాలేదు. హాయిగా ఉంది. రెండో గ్లాసు కూడా పోశాను, అది మర్యాద కొద్దీ.

ఇప్పుడు నీ అభ్యంతరానికి కాళ్లు విరిగాయి. ఈ ఊళ్లో నిన్ను దొంగతిండి పిల్ల అనే నోరు ఒక్కటీ మిగల్లేదు. పొడుగమ్మాయి, ఇంకా ముగ్గురు రోజూ పొద్దున్నే మన వరండాకి వస్తున్నారు. ఉన్నది ఒక్క గుండు, వంతులేసుకుంటున్నాం. నాకు తెలిసిందంతా మొదటి రోజే చెప్పేశాను. "తర్వాతేమిటి అమ్మమ్మగారూ" అని అడుగుతుంటే, గురువు దారిలో ఉందని చెప్పాను. నన్ను అబద్ధాలకోరుని చెయ్యకు.

ఒక చిన్న పని. నా అరచేతుల్లో కాయలు కాశాయి, గట్టిపడి అంచులు లేస్తున్నాయి. మడమలు రుద్దుకునే గరుకు రాయి ఒకటి కొను. ఇక్కడి కొట్లో తెల్లది అమ్ముతున్నారు, అది సబ్బులా అరిగిపోతుంది. బూడిదరంగుది, గుప్పిట్లో ఇమిడేది చూడు. కొనేముందు నీ చేతిమీదే రుద్ది చూసుకో, పొడి రాలితే వద్దను. పార్సిల్లో పంపితే తీసుకోను, వెనక్కి పంపేస్తాను. నీ చేత్తో తెచ్చి నా చేతికియ్యి. పోటీ ముందు రోజుకి అందాలి.

ఇట్లు,
నీ రాక కోసం కాదు, ఆ రాయి కోసమే ఎదురుచూస్తున్న
అమ్మమ్మ