దుమ్ములో ఆపిన కారు

మీసా, జనవరి 7

ప్రాణంలాంటి ఒఫీలియక్కా,

ఫోన్‌లో అయితే నా గొంతే నన్ను పట్టిస్తుందని ఉత్తరం రాస్తున్నాను. చదివి చింపెయ్. మా ఆయనకి కూడా తెలియకూడదు.

నిన్న బాల యేసుని చూడొచ్చిన ముగ్గురు రాజుల పండగకి నేనూ మా అత్తా మరిది కొత్తింటికి బయల్దేరాం. అత్త ఒళ్ళో పండగ రొట్టె, నోట్లో సాధింపు. "స్కూలు వ్యాన్ నడిపేదానివి, ఫ్రీవే ఎక్కడానికి నీకేం రోగం? ఈ సందులన్నీ తిప్పితే పండగ అయిపోతుంది" అంది. తప్పక ఎక్కాను.

అక్కా, పదకొండు నెలలుగా, బళ్ళు దూసుకుపోయే ఆ ఫ్రీవే ఎక్కితే చాలు, నా చేతులు కొయ్యబారిపోతున్నాయి. ఊపిరందదు. కళ్ళముందు రోడ్డు సన్నబడిపోతుంది. ఎందుకో తెలీదు, ఏ ప్రమాదమూ జరగలేదు. అయినా రోజూ పొద్దున్నే ఎనిమిదిమంది పిల్లల్ని ఎక్కించుకుని నడుపుతూనే ఉన్నాను. అందులో ఇద్దరు చక్రాల కుర్చీల్లో ఉంటారు.

పత్తిచేలు చదును చేసి ఇళ్ళు కడుతున్నచోట గాలి లేచింది. ఆ మన్నంతా గోడలా రోడ్డు మీద పడింది. ముందున్న లారీ మాయమైంది. నా కాలు బ్రేకు మీదే బిగుసుకుపోయింది. రోడ్డు మధ్యలో ఆపేశానక్కా!

"పక్కకి తియ్యవే!" అత్త స్టీరింగ్ పట్టుకు లాగింది. "రోడ్డు దిగు. ఇంకా దిగు. లైట్లార్పు. బ్రేకు మీంచి కాలు తియ్!"

"లైట్లు లేకపోతే గుద్దేస్తారత్తా!"

"ఉంటేనే గుద్దుతారు. వెనకవాడు నీ లైట్లు చూసి అదే దారనుకుని నీ మీదికే వస్తాడు. మీ మామ అలాగే పోయాడు."

పెళ్ళయిన ఇన్నేళ్ళలో మామయ్య ఎలా పోయాడో ఆవిడ నాతో చెప్పలేదు. రోడ్డు దిగి, లైట్లార్పి, దుమ్ములో అలాగే కూర్చున్నాం. ఒక లారీ పక్కనించి పోయింది, కారు ఊగిపోయింది. తర్వాత ఇంకొకటి. ఎంత దగ్గరగా పోతున్నాయో కనపడదు. వినపడుతోందంతే.

"ఎన్నాళ్ళనించే ఇది?" అంది అత్త. చెప్పాను.

"పిల్లలు బండిలో ఉన్నప్పుడు కూడానా?"

ఔనని తలూపాను.

ఆవిడ ఎవరికీ చెప్పనంది. ఈ పని తప్ప నాకేం వచ్చక్కా? ఎలాగో ఓర్చుకుంటాను. నువ్వూ చెప్పకు.

నీ గ్రసియేలా

మీసా, జనవరి 16

అక్కా,

నీ జవాబు రాకముందే, ఓర్చుకుంటానన్న మాట తప్పాను. నీకు ఉత్తరం రాసిన రాత్రంతా, పిల్లలున్నప్పుడు కూడానా అని అత్త అడిగిన ఆ ఒక్క ప్రశ్నే చెవుల్లో. సోమవారం మా పై ఆఫీసరు, హ్యాచ్ గారి బల్లమీద తాళాలు పెట్టి అంతా చెప్పేశాను. ఆవిడ మొహం పాలిపోయింది. "పదకొండు నెలలా!" అంది. తిట్టింది. తిట్టాల్సిందే. ఇంట్లో మా ఆయన రొద్రీగో రెండురోజులు నాతో మాట్లాడలేదు. అత్తే అతనితో, "దానికి ధైర్యం లేదనకు. తప్పు ఒప్పుకోడానికి ఆ ఆఫీసరు గదిలోకి నువ్వు వెళ్ళగలిగేవాడివా?" అంది. నన్ను డాక్టరు దగ్గరికి కూడా ఆవిడే తీసుకెళ్ళింది.

మూడోరోజు హ్యాచ్ గారే పిలిచారు. కొత్త డ్రైవరుని చూసి పిల్లలు బెదిరి ఏడుస్తున్నారట. వ్యాన్‌లో వాళ్ళ పక్కన ఆయాగా కూర్చుంటావా అన్నారు.

ఇవాళ మొదటిరోజు. ఫ్రీవే దగ్గరపడగానే నాకు చెమటలు పట్టాయి. దాచుకోలేదక్కా. "నాకు భయంగా ఉందయ్యా" అని డ్రైవరుతో పైకే అనేశాను. అతను అద్దంలో నన్నొకసారి చూసి, పక్కరోడ్డు పట్టాడు. బడికి పావుగంట ఆలస్యమైంది. ఎవరూ ఏమీ అనలేదు.

నీ గ్రసియేలా