యాభై ఎంబీల తరగతి

వికారాబాద్,
ఆగస్టు 4

ప్రియమైన రెబెక్కా,

ఫోన్లో మాట్లాడితే పోట్లాటే అవుతుందని టీచర్ ట్రైనింగ్ రోజుల్లోనే ఉత్తరాలకు ఒప్పుకున్నాం కదా. ఇదీ పోట్లాటే, నెమ్మదిగా చదువు.

జిల్లా పాఠాల పోటీకి పంపే వీడియో యాభై ఎంబీలు దాటకూడదట. మా మూడో తరగతి పాఠం ఆరు వందలు వచ్చింది. తగ్గిస్తే పిల్లల మొహాలు పిసికిన పిండిలా అయ్యాయి. టీచర్ల గ్రూపులో నీ వీడియో చూశాను. పది నిమిషాల పాఠం, నలభై ఎంబీలు, అయినా పిల్లవాడి చొక్కా గుండీలు లెక్కపెట్టొచ్చు! పరీక్షల్లో నువ్వే ఫస్టు, చేతిరాతలో నువ్వే ఫస్టు, ఇప్పుడు ఇది కూడానా? నాకు కడుపు మండిపోతోంది, దాచను. కిటుకు చెప్పు. నా అసలు వీడియో పెన్ డ్రైవ్‌లో పెట్టి దీనితోనే పంపుతున్నాను.

కుళ్లుకుంటున్న
దేవిక

తాండూరు,
ఆగస్టు 9

ప్రియమైన దేవీ,

నీ కుళ్లు కొత్తదా ఏమిటి? నా జడ పొడుగని హాస్టల్లో రిబ్బను దాచినదానివి!

కిటుకేమీ లేదు. ఫోను చేత్తో పట్టుకోకు, స్టాండుకు బిగించు. వీడియో క్వాలిటీ 720 పెట్టు, అంతకు మించొద్దు. వెనక ఖాళీ గోడ ఉండాలి. గోడ కదలదు గనక ఫోను దాన్ని ఒక్కసారి గుర్తుపెట్టుకుంటే చాలు. కదిలేది ఎంత తక్కువైతే ఫైలు అంత తేలిక. పిల్లల్ని బుద్ధిగా కూర్చోబెట్టు.

పెన్ డ్రైవ్ అందింది, ఇంకా తెరవలేదు.

నీ
రెబెక్క

వికారాబాద్,
ఆగస్టు 20

ప్రియమైన అనాలో వద్దో తెలియని రెబెక్కా,

అన్నీ చేశాను. స్టాండు, గోడ, 720. కదిలితే బయట నిలబెడతానని ఇరవై తొమ్మిది మందినీ బెదిరించాను. "టీచర్, ఊపిరన్న తీస్కోవచ్చా?" అని సాయికిరణ్ అడిగాడు. ఇంతా చేస్తే నూట పది ఎంబీలు. యాభైకి దించితే మళ్లీ పిండే.

నువ్వేదో దాచావు. అది స్టూడియోలో తీయించిన వీడియో అని, మీ బడికి వెళ్లి చూడమని, పోటీ చూసే చంద్రకాంత్ సార్‌కు రాశాను. సంతకం పెట్టి మరీ రాశాను. తప్పైతే తిట్టు. ఒక్కసారైనా నీకంటే నేను ముందుండాలి.

దేవిక

తాండూరు,
సెప్టెంబరు 6

ప్రియమైన దేవికా,

చంద్రకాంత్ సార్ సోమవారం వచ్చారు. స్టూడియో ఏదీ లేదని గుమ్మంలోనే ఆయనకు అర్థమైంది. ఒక బల్ల, ముగ్గురు పిల్లలు, వెనక గోడ.

"మిగతోళ్లేరమ్మా?" అన్నారు.

"గింతే సార్," అన్నాను.

నేను దాచింది అదే. ముందు బల్ల ఒక్కటే కనిపించేలా స్టాండు పెట్టాను. పెద్దేముల్ దగ్గరి మా బడికి వచ్చేది మొత్తం ముగ్గురే. పనుల కోసం ఊరొదిలిన వాళ్ల పిల్లలు తిరిగొస్తారని హాజరు పట్టీలో ఎనిమిది పేర్లు కొట్టేయకుండా ఉంచాను. పోటీలో గెలిస్తే ఆ పాఠం చూపించి, ఊళ్లో ఇంకో నలుగురినైనా పిలుచుకుందామనుకున్నాను. సార్ ఉన్నదున్నట్టు రాసుకుని వెళ్లారు. వచ్చే నెల నుంచి నా ముగ్గురూ ఆటోలో పెద్దేముల్ బడికి పోతారు. మా గదికి తాళం.

నువ్వు రాయకపోయినా ఏదో ఒకరోజు ఎవరో వచ్చేవారే. కానీ రాసింది నువ్వు. ఈ కోపం తగ్గడానికి సమయం పడుతుంది.

ఆయన వెళ్లాక నీ పెన్ డ్రైవ్ తెరిచాను. ఒకడు బల్ల ఎక్కుతున్నాడు. ఇద్దరు రబ్బరు కోసం కొట్టుకుంటున్నారు. ఒక పిల్ల నీ కొంగు పట్టుకుని వదలడం లేదు. నీ ఎంబీలన్నీ వాళ్లవేనే పిచ్చిదానా! నాలుగుసార్లు చూశాను. రిబ్బను దాచిన రోజు నీకెలా అనిపించిందో నాకిప్పుడు తెలిసింది.

గడువు ఇంకా పది రోజులుంది. వాళ్లను కదలకుండా కూర్చోబెట్టకు. పాఠం పది నిమిషాలే ఉండాలని ఎక్కడా రాయలేదు. ఈ మొదటి వీడియోనే 720కి దించి రెండు నిమిషాలకు కత్తిరించు, మొహాలు చక్కగా కనిపిస్తాయి. రబ్బరు గొడవ మాత్రం ఉండనీ.

కుళ్లుకుంటున్న
రెబెక్క