మంచుకొండకి చవక దారి

జనవరి 4, ఆదివారం

స్కీయింగ్ అట. మా ఇంట్లో ఎవరికీ సైకిల్ కూడా సరిగ్గా రాదు. స్కీయింగ్ అట.

ఈ మాట ముందు ఎత్తింది మా బావమరిది. మా ఆవిడ తమ్ముడు. ఏ పనికైనా ముందు నడిచేస్తాడు, వెనక ఎవరైనా ఉన్నారో లేదో చూసుకోడు, అందుకని ఇంట్లో అందరం కెప్టెన్ అంటాం. కొత్తగా నేర్చుకునేవాళ్ళకి తక్కువ ఖర్చులో మంచుకొండ అని ఏదో వీడియో చూశాడు. అన్నాల దగ్గర ఆ ఫోన్‌ని అందరి మొహాల ముందూ తిప్పాడు. మా ఆవిడ రెండుసార్లు చూసింది. ఆవిడ దేన్నైనా రెండోసారి చూసిందంటే నా పని అయిపోయినట్టే.

నేను ఎముకల ఆసుపత్రిలో కట్లు కడతాను. ప్లాస్టర్ రూమ్ నాది. మనిషి ఎలా పడితే ఏది విరుగుతుందో పొద్దస్తమానం చూస్తుంటాను. సబ్బు మీద కాలేసినవాళ్ళు, స్టూలెక్కి బల్బు మార్చినవాళ్ళు, ఊరికే మెట్టు దిగినవాళ్ళు. వీళ్ళెవరూ కొండ మీంచి జారలేదు. బుద్ధిగా నేల మీదే ఉన్నారు.

వద్దంటే గొడవ. అందుకే తెలివిగా ఒక మాట అన్నాను. చవకగా కుదిరితేనే, లేకపోతే లేదు అని. ఛస్తే కుదరదని నా ధీమా.

జనవరి 7, బుధవారం

కుదిరింది.

సెలవులు లేని వారం చూసుకుని వెళితే గది సగానికి సగం తగ్గుతుందట. కొండ మీద హోటల్ అక్కర్లేదట, కింద ఊళ్ళో వంటగది ఉన్న గది చాలట. పైకి రోజూ బస్సు ఉందట. సొంతంగా మాస్టారు ఎందుకు, పదిమందితో కలిపి నేర్పే క్లాసులో చేరితే సరిపోతుందట. మా ఆవిడ డ్రైవింగ్ స్కూల్లో నేర్పుతుంది. ఒక క్లాసుకీ ఇంకో క్లాసుకీ మధ్య కారులోనే కూర్చుని ఇవన్నీ కనుక్కుంది.

మరి మా ఒక్కగానొక్క కూతురు, చిన్నదాని బడి సంగతేంటి అన్నాను. టీచర్‌తో నిన్ననే మాట్లాడేసిందట.

జనవరి 11, ఆదివారం

బట్టలతో దెబ్బకొడదామనుకున్నాను. మంచులో జీన్స్ తడిసి చెక్కలా బిగుసుకుపోతాయి, నీళ్ళు పట్టని ప్యాంట్లు కావాలి, జాకెట్లు కావాలి, అవన్నీ కొంటే ఇంక చవక ఎక్కడిది అని పెద్ద ఉపన్యాసం ఇచ్చాను. కెప్టెన్ కూడా కాస్త నీరుగారాడు. గెలిచాననుకున్నాను.

నా గొయ్యి నేనే తవ్వుకున్నాను. నిన్న ఆసుపత్రిలో ఎక్స్‌రే ఆయన దగ్గర ఈ గోల చెప్పుకుని ఏడ్చానా, ఈ రోజు ఆయన ఒక పెద్ద సంచీ మోసుకుని ఇంటికే వచ్చేశాడు. వాళ్ళ ఇంటిల్లిపాదీ వెళ్ళొచ్చారట. అందరి బట్టలూ ఉన్నాయి, ఉతికి మరీ. స్కీలూ బూట్లూ మాత్రం కొనొద్దు, అక్కడే అద్దెకి తీసుకోండి అని సలహా కూడా. ఏమైనా అయితే ఫొటో నేను తీస్తాను, కట్టు నువ్వు కడుదువుగాని అని నవ్వుతూ టీ తాగి వెళ్ళాడు. మనవాళ్ళే ఇలా ఉంటే ఇంకెవరికి చెప్పుకోవాలి.

నా జాకెట్ మోకాళ్ళ దాకా ఉంది. చిన్నదాని నారింజ రంగు జాకెట్‌లో చేతులు ఎక్కడ అయిపోయాయో వెతుక్కోవాలి.

జనవరి 12, సోమవారం

ఇన్సూరెన్స్ కూడా దొరికింది. చవకగా. నా ఖర్మ.

జనవరి 15, గురువారం

సాయంత్రం చిన్నదానికి ఉన్ని మేజోళ్ళు కొనడానికి మాల్‌కి వెళ్ళాం. మా ఆవిడ ఎస్కలేటర్ ఎక్కి పైకి వెళ్ళిపోయింది. చిన్నది కింద నిలబడిపోయింది. ఒక కాలు ఎత్తడం, దించడం, మళ్ళీ ఎత్తడం. వెనక జనం ఆగిపోయారు. ఒకాయన గొంతు సవరించుకున్నాడు. నేను దాని చెయ్యి పట్టుకుని మెట్ల వైపు తీసుకెళ్ళాను. ఇద్దరం రెయిలింగ్ పట్టుకుని ఎక్కాం. పైన మా ఆవిడ మా కోసం చూస్తూ ఉంది.

నాకైతే అందులో తప్పేం కనిపించలేదు. ఎస్కలేటర్ కేసులు నేనెన్ని చూళ్ళేదు. దానికి పదకొండేళ్ళు, తొందరేముంది.

ఇంటికొచ్చేదాకా మా ఆవిడ మాకంటే నాలుగడుగులు ముందే నడిచింది. మేజోళ్ళు బాగున్నాయి అన్నాను. రసీదు తీసి నా చేతిలో పెట్టింది.

జనవరి 18, ఆదివారం. మధ్యాహ్నం

స్కీయింగ్‌లో మొదటి పాఠం పడటమేనట. చేతులు ముందుకి చాపకూడదట, పక్కకి ఒరిగి తుంటి మీద పడాలట. ఇంట్లోనే ప్రాక్టీస్ చేసుకుని వెళితే అక్కడ డబ్బిచ్చిన క్లాసు పడటానికే అయిపోదని కెప్టెన్ వాదన. చవకకి పరాకాష్ఠ.

వట్టి నేల మీద పడితే ఊరుకోనన్నాను. మా మంచం మీది పరుపు నేనే హాల్లోకి లాక్కొచ్చి వేశాను. చిన్నది పడనంది. కుషన్ ఒళ్ళో పెట్టుకుని సోఫాలో ముడుచుకుంది. సరే, నేను చూపిస్తానని కెప్టెన్ వంటింటి గుమ్మం దగ్గర్నుంచి పరిగెత్తుకొచ్చి దూకాడు.

నున్నటి టైల్స్. పరుపు జారుకుంటూ పోయి టీవీ స్టాండ్‌కి తగిలింది. కెప్టెన్ మాత్రం వెనకే ఉండిపోయాడు. చెయ్యి ముందుకే చాపాడు. ఆ చప్పుడు నాకు బాగా తెలుసు.

మా ఇంట్లో మొట్టమొదట స్కీయింగ్ చేసింది మా పరుపు.

అదే రోజు, సాయంత్రం

మణికట్టు. ఎక్స్‌రే ఆయన తీశాడు, నేను కట్టాను. అనుకున్నట్టే. కెప్టెన్ ఆకుపచ్చ రంగు కట్టు కావాలన్నాడు. నోరు మూసుకుని కదలకుండా కూర్చోమన్నాను.

పరుపు వేసింది నువ్వే కదా బావా అని వాడు అనలేదు. వాడు అలా అనడు. అదే కాస్త ఇబ్బందిగా ఉంది.

జనవరి 19, సోమవారం

బావమరిది చెయ్యి విరిగితే సంతోషించేవాణ్ణి ఏమంటారో నాకు తెలీదు. రాత్రి మాత్రం హాయిగా నిద్రపట్టింది.

పొద్దున కాఫీ తాగుతూ చెప్పేశాను. కెప్టెన్‌కి ఇలా అయ్యాక ఇంక ప్రయాణం ఏమిటి, మానేద్దాం అని. బాధగా మొహం పెట్టే చెప్పాను.

చిన్నది హమ్మయ్య అంది. అరచెయ్యి గుండె మీద వేసుకుని, కళ్ళు మూసుకుని. అచ్చం నాలాగే. నేనెప్పుడు అలా అంటానో, అది ఎప్పుడు చూసి నేర్చుకుందో.

మా ఆవిడ దాన్ని చూసింది. తర్వాత నన్ను చూసింది. అది బడికి వెళ్ళేదాకా ఆగింది. నారింజ జాకెట్ మడతపెట్టి సంచీలో పెడుతూ, గొంతు పెంచకుండానే అంది.

"మా స్కూలు కార్లో నా వైపు కూడా ఒక బ్రేక్ ఉంటుంది. నేర్చుకునేవాళ్ళు తడబడిన ప్రతిసారీ నేను దాన్ని తొక్కేస్తే, వాళ్ళకి జన్మలో బండి రాదు. మీరు పదకొండేళ్ళుగా దాని పక్కన కూర్చుని తొక్కుతూనే ఉన్నారండీ."

కోపం వచ్చింది. ఎందుకు రాదు. ఇన్నేళ్ళలో దానికి ఒక్క ఎముకైనా విరిగిందా అని అడిగాను. లేదని ఒప్పుకుంది. మరి ఎస్కలేటర్ ఎక్కుతుందా అని అడిగింది.

ఆసుపత్రికి గంట ముందే వెళ్ళిపోయాను.

జనవరి 21, బుధవారం

ఈ రోజు ఒక పిల్ల వచ్చింది. చిన్నదాని ఈడే. గోడ మీంచి దూకిందట, మోచెయ్యి. వాళ్ళమ్మ ఏడుస్తోంది, పిల్ల మాత్రం తడి పట్టీ ఎలా గట్టిపడుతుందో కళ్ళు విప్పుకుని చూస్తోంది. ఇంకోసారి దూకుతావా అని బెదిరించాను. కట్టు ఎప్పుడు తీస్తారో చెప్పమంది.

మా చిన్నదాన్ని ఆ బల్ల మీద ఊహించుకోకూడదనుకున్నాను. రోజంతా అదే పని చేశాను. కానీ ఊహలో కూడా అది ఏ గోడా ఎక్కదు. ఎక్కడం దానికి రాదు. ఆ సంగతి ఇప్పుడే గుండెల్లో గుచ్చుకుంది.

జనవరి 22, గురువారం

వెళ్తున్నాం అని చెప్పాను. గది రద్దు చేశారా అని మా ఆవిడ అడిగింది. చెయ్యలేదన్నాను. ఎందుకు చెయ్యలేదని అడగలేదు, అదే పదివేలు.

చిన్నది ఏడ్చింది. సరే మానేద్దాంలే అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. మంచినీళ్ళు తాగాను. ఇంకో గ్లాసు తాగాను.

కెప్టెన్ కూడా వస్తాడట. ఒంటి చేత్తో వీడియో తీస్తాడట. వీణ్ణి ఏం చెయ్యాలి.

ఫిబ్రవరి 3, మంగళవారం

చవక అంటే ఏమిటో ఈ రోజు తెలిసింది. గదిలో హీటర్ ఉంది, పనిచెయ్యాలన్న నియమం లేదు. స్టవ్ ఒక వైపే వెలుగుతుంది. పైకి వెళ్ళే బస్సులో నిలబడటానికే చోటు లేదు, అందులో కెప్టెన్ కట్టు ఎవరికీ తగలకుండా నేనే గోడలా నిలబడ్డాను. ఎక్స్‌రే ఆయన ఇచ్చిన జాకెట్ జేబులో ఎప్పటిదో సగం తిన్న చాక్లెట్.

అద్దె బూట్లు వేసుకుని చూశాం. గట్టి ప్లాస్టిక్, పిక్క దాకా. మడమ కదలదు, చీలమండ వంగదు. ఇవి కట్లే. రెండు కాళ్ళకీ కట్లు వేయించుకోవడానికి లైనులో నిలబడి మరీ అద్దె కట్టాను. నా ఉద్యోగంలో ఇంత అవమానం ఎప్పుడూ జరగలేదు.

నేర్పే ఆవిడ ఒక వాలు చూపించింది. మా హాలు కంటే కాస్త పొడుగు. చిన్నది నా జాకెట్ అంచు పట్టుకుని వదల్లేదు. రేపు పొద్దున క్లాసు.

ఫిబ్రవరి 4, బుధవారం

చిన్నది పడింది.

పరిగెత్తబోయాను. కాళ్ళకి ఆ పొడుగాటి స్కీలు ఉంటే పరిగెత్తలేం. నేనూ పడ్డాను, నేర్పినట్టు పక్కకి కాదు, బోర్లా.

మా ఆవిడ దగ్గర్లోనే ఉంది. రెండు చేతులూ జేబుల్లో పెట్టుకుని.

నోట్లో మంచు ఉమ్మేసి తలెత్తేసరికి, ఒక నారింజ జాకెట్ అడ్డంగా అడుగులేసుకుంటూ నా వైపు వస్తోంది. ఎవరూ పట్టుకోలేదు. వచ్చి నా మీదికి వంగింది. చెయ్యి ఇవ్వలేదు.

"లేవాలంటే ముందు పక్కకి తిరుగు నాన్నా."

తిరిగాను.