నేను చెప్పిన మూడో మాట

అక్కకు,

నేను బాగానే ఉన్నాను. బావగారి మోకాలితో సహా మీరంతా కులాసాగా ఉన్నారని తలుస్తాను.

"ఈ వయసులో నీకు ఇంగ్లీషు క్లాసేంటే?" అని అడిగావు. లాండ్రీలో ఇస్త్రీ యంత్రం దగ్గర నిలబడి నిలబడి కాళ్ళు లాగేస్తున్నాయి. ఇంగ్లీషు వస్తే ముందుగదిలో కూర్చుని రసీదులు రాసే పని ఇస్తామన్నారు. అందుకే సాయంత్రాలు వెళ్తున్నాను. నేను రాసింది చూసి టీచరమ్మ, "లేచాను. తిన్నాను. వచ్చాను. ఏంటమ్మా, ఒక్కో గుడ్డా విడివిడిగా ఆరేసినట్టు! కలపండి," అంది. ఆండ్, బట్, బికాజ్ నేర్పింది.

నాతో గదిలో ఉండే పొట్టి ఎలా ఉందన్నావు. రోజూ భోజనం దగ్గర నాచేత పాఠం అప్పజెప్పించుకునేది. "బికాజ్ అంటే?" అని గరిటెతో కంచం మోగించేది. "ఎందుకంటే" అని చెబితేగానీ వడ్డించేది కాదు.

తనిప్పుడు గదిలో లేదక్కా. రెండు వారాలైంది, నీకు రాయలేదు. ఇద్దరున్న గదిలో ఒక్కదాన్నే ఉండలేకపోతున్నాను. పాఠం గోడకి అప్పజెబుతున్నాను.

ఆ రోజు లాండ్రీలో నా పక్కనే పనిచేస్తుంటే ఇస్త్రీ యంత్రం కింద తన చెయ్యి పడింది. ఏం జరిగిందని మేనేజరు అడిగితే మూడు మాటలు చెప్పాను. చెయ్యి కాలింది. తను నాతో మాట్లాడుతోంది. యంత్రం ఆపే మీట రెండు రోజులుగా పట్టేస్తోంది. ఆయన మొదటి రెండింటినీ బికాజ్‌తో కలిపి, మూడోది వదిలేసి, టైపు చేయించి సంతకం పెట్టమన్నాడు. చదివాను. అర్థమైంది. ముందుగదిలో కుర్చీ కళ్ళ ముందు మెదిలింది. పెట్టేశాను.

తప్పంతా తనదేనని పనిలోంచి తీసేశారు. కట్టు కట్టిన చేత్తో పెట్టె సర్దుకుంటూ, "చదివే పెట్టావా?" అనడిగింది.

"నాకంత ఇంగ్లీషు రాదుగా," అన్నాను.

రోజూ నాచేత పాఠం చెప్పించుకున్న మనిషితో అన్నానక్కా ఆ మాట! పెట్టె మూత పడకపోతే నేనే నొక్కి పట్టుకున్నాను.

కుర్చీ ఇచ్చారు. సోమవారం నుంచి అందులోనే కూర్చుంటున్నాను. కాళ్ళు లాగడం లేదు, ముద్ద మాత్రం దిగడం లేదు.

ఇవాళ ఆ మూడు మాటలూ నేనే కలిపి ఇంగ్లీషులో రాశాను. టీచరమ్మకి చూపించలేదు, తప్పులుంటే ఉండనీ. పొద్దున్నే మేనేజరుకి ఇస్తాను. కుర్చీ పోతుంది, బహుశా పనీ పోతుంది. ఒక నకలు పట్టుకుని, పొట్టి ఇప్పుడుంటున్న వాళ్ళ పిన్నిగారింటికి వెళ్తాను. తలుపు తీస్తుందో లేదో. తీస్తే, ఒక్కసారి పాఠం అడగమంటాను, బికాజ్ అంటే ఏంటని.

ఈసారి చెబుతాను.

ఇట్లు,
నీ చీవాట్ల కోసం ఎదురుచూసే
చెల్లెలు