టైబీరియస్ ముఖం మీద గాటు

హెర్న్‌డన్, మార్చి 4

ప్రియమైన మూర్తికి,

'ప్రియమైన' అన్నది యాభై ఏళ్ల అలవాటు కొద్దీ రాశాను. శనివారం ఎడిసన్ నాణేల ప్రదర్శనలో నీ అద్దాలపెట్టె చూశాను. రోమన్ వెండి నాణెం. ఒకవైపు ఆకుల కిరీటంతో టైబీరియస్ చక్రవర్తి, చెంప మీద ఉలిగాటు. వెనకవైపు కొమ్మ పట్టుకుని కూర్చున్న స్త్రీ. మనం చదువుకునే రోజుల్లో కృష్ణ ఒడ్డు తవ్వకాల్లో దొరికితే దాని బొమ్మ గీసింది నేనే. మర్నాడే ఆ నాణెం మాయమైంది. కాపలావాడు గోపాల్‌ని దొంగ అని చెప్పి తరిమేశారు. ఆ నాణేన్ని నలుగురికీ చూపించడానికి సిగ్గు లేదా నీకు?

హరనాథ్

ఐసెలిన్, మార్చి 11

ప్రియమైన హరనాథ్,

వెండి లోపలిదాకా ఉందో లేదో చూడ్డానికి ఆ కాలంలో మన వర్తకులు రోమన్ నాణేల మీద ఎందరు చక్రవర్తుల ముఖాలు కోశారో నీకు తెలీదా? నాది ఆక్షన్‌లో కొన్నది. ఇంకోసారి ఇలా రాస్తే జవాబు మా లాయర్ ఇస్తాడు.

కృష్ణమూర్తి

హెర్న్‌డన్, మార్చి 17

మూర్తీ,

ఆక్షన్ కాగితాలు చూపించు. నా పాత నోట్‌బుక్‌లో ఆ గాటు కొలత ఉంది, చెవి నుంచి ముక్కు దాకా. ప్రదర్శనలో తీసిన ఫొటోతో పోల్చాను. అదే. ఇండియాలో పురావస్తు శాఖకి ఉత్తరం రాసి పెట్టాను. వారం రోజుల్లో పోస్ట్ చేస్తాను. నీ పరువు సంగతి నువ్వు చూసుకో.

హరనాథ్

ఐసెలిన్, మార్చి 20

ఒరేయ్ హరనాథ్,

పోస్ట్ చేసే ముందు మీ ఆవిడని అడుగు. ఆ నాణెం తవ్వకాల్లో దొరికినవి పెట్టే ట్రేలోంచి తీసి నా చేతిలో పెట్టింది పద్మినే. అప్పటికి నువ్వు తనకి ఏమీ కావు. గోపాల్‌ని గెంటేశాక "తిరిగిచ్చెయ్ మూర్తీ" అని ఏడ్చింది. ఇవ్వనన్నది నేను. ఇన్నేళ్లూ ఆమె కోసమే నోరు మూసుకున్నాను. నువ్వే తెరిపించావు. తృప్తేనా?

కృష్ణమూర్తి

హెర్న్‌డన్, మార్చి 29

కృష్ణమూర్తికి,

అడిగాను. పద్మిని స్టవ్ ఆఫ్ చేసి, "అవును, నేనే తీశాను. మరి గోపాల్ పేరు రాసిచ్చింది మీరే కదా?" అంది.

నిజమే. గోపాల్ రాత్రి టెంట్‌లోకి దూరడం చూశానని సంతకం పెట్టాను. చూడలేదు. అనుమానం విద్యార్థులమైన మన మీదికి వస్తుందని భయపడ్డాను. పద్మినికి ఆ సంగతి మొదటినుంచీ తెలుసట.

పురావస్తు శాఖకి రాసిన ఉత్తరం చింపేసి మళ్లీ రాశాను. ఇప్పుడందులో మన ముగ్గురి పేర్లూ ఉన్నాయి. నా పక్కన పద్మిని కూడా సంతకం పెట్టింది. గోపాల్ ఉన్నాడో లేడో తెలీదు. అతని మనుషులెవరున్నా వాళ్లకి ఒక కాపీ అందజేయమని కోరాం.

నిన్న పోస్ట్ చేశాను. నాణెం భారత కాన్సులేట్‌కి నువ్వే పట్టుకెళ్లు. ఇక నాకు రాయకు.

హరనాథ్