గుమ్మం మీద చీపురు

బీరు ఫ్యాక్టరీ మేనేజరు గారికి,

నమస్కారం పెట్టే ఓపిక లేక నేరుగా విషయానికి వస్తున్నాను. నేను రిటైరైన హెడ్‌మిస్ట్రెస్‌ని. ప్రతి శనివారం చీపురు సబ్బుతో కడిగి, తలకిందులుగా గుమ్మానికి కట్టి ఆరబెట్టడం నా అలవాటు. మొన్న కట్టి లోపలికి వచ్చానో లేదో, నలుగురు మగవాళ్లు మగ్గులు పట్టుకుని తయారు! అందులో ఒకాయన నా పళ్ల డాక్టరు.

తర్వాత తెలిసింది, ఊరంతా మీ పోస్టర్లేనట. పూర్వం సీమ దేశాల్లో ఇంట్లో బీరు కాచే ఆడవాళ్లు సరుకు సిద్ధమవగానే గుమ్మానికి చీపురు కట్టేవారనీ, ఇకపై చీపురు కనబడ్డ చోటల్లా మీ తాజా బీరు దొరుకుతుందనీ. తాగుడంటేనే నాకు ఒళ్లు మంట. ఇంకొకడు వస్తే అదే చీపురు తిరగేస్తాను.

ఇట్లు,
మీ శ్రేయస్సు కోరని
హెడ్‌మిస్ట్రెస్

తా.క. పళ్ల డాక్టరు ఒక్కడే కాళ్లు తుడుచుకుని లోపలికొచ్చాడు. మిగతా వాళ్లని ఎవరు పెంచారో!

*

గౌరవనీయులైన హెడ్‌మిస్ట్రెస్ గారికి,

మీకు కలిగిన ఇబ్బందికి మా సంస్థ చింతిస్తోంది. పోస్టరు ఆలోచన ఇక్కడ బీరు తయారుచేసే ఆవిడది. తప్పంతా ఆవిడదే. దయచేసి చీపురు పెరట్లో ఆరబెట్టుకోగలరు. విషయం మా యజమాని దాకా తీసుకెళ్లవద్దని మనవి.

ఇట్లు,
ఫ్యాక్టరీ తరఫున

తా.క. చలిగాలిలో మఫ్లరు లేకుండా గుమ్మంలో నిలబడకండి. మీకు అసలే చెవిపోటు.

*

చిరంజీవి పిచ్చుకకి అత్తయ్య ఆశీస్సులు.

ఆ దిక్కుమాలిన బీరు ఫ్యాక్టరీ నువ్వుండే ఊళ్లోనే ఏడిచింది. మీ సబ్బుల ఫ్యాక్టరీకి దగ్గరేనా? అక్కడ బీరు కాచేది ఒక ఆడమనిషట. వెళ్లి నా తరఫున చెవి మెలిపెట్టి రా. నీకు వీలుకాకపోతే నేనే వచ్చి యజమానితో తేల్చుకుంటాను. వాళ్లు చెప్పారని చీపురు పెరట్లో కడితే, జనం గోడ దూకి వచ్చారు. ఏం చేయను? బెంచీల మీద వరసగా కూర్చోబెట్టి, చేతులు కడిగించి, మంచినీళ్లిచ్చి పంపాను.

ఇట్లు,
మీ అత్తయ్య

తా.క. మంచినీళ్లు చూసి తాపీమేస్త్రీ కళ్లనీళ్లు పెట్టుకున్నాడు.

*

అత్తయ్యకి పిచ్చుక నమస్కారాలు.

నువ్వు రావద్దు! బస్సులు కిక్కిరిసి ఉంటున్నాయి. ఆవిడ గురించి కనుక్కున్నాను. ఈ నెలాఖరుకి ఆవిడ ఉద్యోగం ఖాయం చేయాలో వద్దో యజమాని తేలుస్తాడట. ఒక్క ఫిర్యాదు వెళ్లినా ఇంటికే. ఆడదాని వల్ల ఏమవుతుందని నవ్విన మగవాళ్ల మధ్య, తడి బార్లీని పారతో తిరగేసీ తిరగేసీ చేతులు కాయలు కాయించుకుందట. తొట్టెలో నురగ పొంగుతుంటే చూస్తూ అన్నం సంగతే మర్చిపోతుందట. ఆ పని పోతే ఆవిడ ఏమైపోతుందో అత్తయ్యా. ఈసారికి వదిలెయ్యవా?

ఇట్లు,
నీ పిచ్చుక

తా.క. ఆవిడని నేనెప్పుడూ చూడలేదు. చాలా మంచిదట. అందంగా కూడా ఉంటుందట.

*

పిచ్చుకా,

ఈ శనివారం వరస వీధి మలుపు దాకా వెళ్లింది. పక్కింటావిడ నాతో మాట్లాడ్డం మానేసింది. వాళ్లాయన మాత్రం వరసలో మొదట నిలబడ్డాడు. ఇక లాభం లేదు. యజమానికే ఉత్తరం రాసి పోస్టులో వేసేశాను.

ఇట్లు,
మీ అత్తయ్య

తా.క. అందం సంగతి ఎవరు చెప్పారే?

*

అత్తయ్యా,

ఆ ఆడమనిషిని నేనే. సబ్బుల ఫ్యాక్టరీ అబద్ధం. మేనేజరు సెలవులో ఉంటే నీ ఉత్తరం నా చేతికొచ్చింది, జవాబు రాసింది కూడా నేనే. తాగుడంటే నీకు పడదు కదా, అందుకే చెప్పడానికి భయపడ్డాను. చెవి ఎప్పుడు మెలిపెడతావో చెప్పు, వస్తాను. ఉద్యోగం ఎలాగూ పోతుందిగా, ఖాళీయే.

ఇట్లు,
నీ పిచ్చుక

తా.క. ఏడుపొస్తోంది. అయినా నువ్వు మఫ్లరు కట్టుకో.

*

పిచ్చి పిచ్చుకకి,

ఏ ఫ్యాక్టరీకి నా చెవిపోటు సంగతి తెలుసే? సబ్బుల ఫ్యాక్టరీలో చేరానన్నావు, సెలవులకి వచ్చినప్పుడల్లా నా సబ్బే అరగదీశావు. ఒక్క బిళ్లయినా తెచ్చావా? నాకు చెప్పలేదని కోపమొచ్చి నీ ఫోటో గోడవైపు తిప్పి పెట్టాను. దుమ్ము తుడవడానికని మళ్లీ ఇటు తిప్పాను.

యజమానికి రాసింది ఇదీ: 'ఆ అమ్మాయి ఉద్యోగం ఖాయం చేయండి. లేకపోతే మళ్లీ రాస్తాను.' తిరుగు టపాలో ఒప్పుకున్నాడు.

ఇంకో మాట. మొదటి శనివారం చీపురు ఆరడానికే కట్టాను. ఆ తర్వాత అసలు కడగనేలేదు, పొడి చీపురే కట్టాను. వాళ్లు బెంచీల మీద కూర్చుని 'బీరు కాచే ఆ అమ్మాయి చేతిలో ఏదో ఉందండీ' అంటుంటే వినాలనిపించేది. నా మేనకోడలే అని చెప్పకుండా నోటికి తాళం వేసుకోవడం ఎంత కష్టమో! రేపు శనివారం చెప్పేస్తాను.

ఇట్లు,
నీ అత్తయ్య

తా.క. ఈసారి వచ్చేటప్పుడు సబ్బు తేవద్దు.